రిపోర్టు నిండా పచ్చ టిక్కులు, సీట్ల కింద బురద: ఒక సెకండ్ హ్యాండ్ కారు కేస్ స్టడీ

కొనేవారు రావులపాలెం ప్రాంతానికి చెందిన దంపతులు. ఆయనది అరటి గెలల వ్యాపారం, ఆవిడ ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. ఆయన తల్లిని వైద్యానికి తరచూ రాజమహేంద్రవరం తీసుకువెళ్లవలసి వస్తోంది. పెద్దావిడకు బస్సు ప్రయాణం కష్టమైపోవడంతో కారు కొనాలని నిర్ణయించుకున్నారు. పెట్టగలిగినది 6 లక్షల రూపాయలు. 2025 చివర్లో రాజమహేంద్రవరంలోని ఒక యార్డులో వారికి ఒక చిన్న పెట్రోలు కారు నచ్చింది. ఆటోమేటిక్ గేరు, 2021 జూన్‌లో రిజిస్ట్రేషన్, ఒకే యజమాని, మీటరు మీద 31 వేల కిలోమీటర్లు. అడిగిన ధర 5.40 లక్షలు. అదే మోడలు, అదే ఏడాది, ఇంచుమించు అంతే తిరిగిన కార్లు ఆ సమయంలో మా వైపు 6.25 లక్షలకు తక్కువ దొరకడం లేదు. 10 వేలు టోకెన్ అడ్వాన్సు ఇచ్చి, మర్నాడు నా దగ్గరకు వచ్చారు.

కొనేముందు కార్లను పరీక్షించి, రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వడం నా వృత్తి. ఫీజు కొనేవారి దగ్గరే తీసుకుంటాను, అమ్మేవారి నుంచి ఏమీ తీసుకోను. ఈ కేసును ఆ దంపతుల అంగీకారంతో, మనుషులనూ కారునూ గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. వాళ్లు ఏమీ చూసుకోకుండా దిగినవారు కాదు. కారుకు హిస్టరీ రిపోర్టు కావాలని అడిగారు, యార్డు వారు ఇచ్చారు. ఆ రిపోర్టు చూసే ధైర్యంగా అడ్వాన్సు ఇచ్చారు.

చేతికి వచ్చిన రిపోర్టు

నాలుగు పేజీల రంగుల ప్రింటు అది. యజమానుల సంఖ్య ఒకటి. ఫైనాన్స్ లేదు. బ్లాక్‌లిస్టులో లేదు. చలానాలు బాకీ లేవు. ఇన్సూరెన్స్ అమల్లో ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. దొంగతనం ఫిర్యాదు లేదు. చివరి పేజీలో ‘ప్రమాదాలు, క్లెయిములు’ అన్న శీర్షిక కింద ‘రికార్డులు లభించలేదు’ అని ఉంది. ప్రతి గడి పక్కనా పచ్చ టిక్కు.

“అన్నీ పచ్చగానే ఉన్నాయి కదండీ, ఇంకా చూడవలసింది ఏముంది?” అన్నారు ఆయన. ఆవిడ మాత్రం చివరి గడి మీద వేలు పెట్టి, “లభించలేదు అంటే జరగలేదనా, వాళ్లకు తెలియలేదనా?” అని అడిగారు. ఈ కేసులో అందరికంటే ముందు సరైన ప్రశ్న వేసింది ఆవిడే.

ఆ రిపోర్టు ఒక ప్రైవేటు యాప్ తయారుచేసినది. దాని షరతుల పేజీలో, చిన్న అక్షరాలతో, సమాచారాన్ని ప్రభుత్వ వాహన రికార్డుల నుంచి తీసుకున్నామని మాత్రమే రాసి ఉంది. బీమా కంపెనీల క్లెయిము రికార్డుల ప్రస్తావన ఎక్కడా లేదు. అంటే ప్రమాదాల గడి నింపడానికి ఆ యాప్ దగ్గర ఆధారమే లేదు. అయినా దాని పక్కన పచ్చ టిక్కు వేశారు. నన్నడిగితే హిస్టరీ రిపోర్టుల్లో అతి ప్రమాదకరమైన గుర్తు అదే. ఎర్ర గుర్తు ఉంటే మనిషి ఆగి ఆలోచిస్తాడు. ఖాళీ గడికి పచ్చరంగు పూస్తే ఆలోచించడం మానేస్తాడు.

ప్రభుత్వ రికార్డు అంటే వాహన్. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ కోసం ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ నిర్వహించే డేటాబేస్ ఇది. ఆ శాఖ యాప్ అయిన ఎంపరివాహన్‌లో బండి నంబరు కొడితే ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. రిజిస్ట్రేషన్ తేదీ, ఏ కార్యాలయంలో జరిగింది, ఇంధనం, యజమాని వరుస సంఖ్య, ఫైనాన్స్ ఉందా లేదా, బీమా ఎప్పటివరకు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఎప్పటివరకు అన్నవి అందులో వస్తాయి. యజమాని పేరులో కొన్ని అక్షరాలు కప్పి చూపిస్తారు. యార్డు ఇచ్చిన ప్రింటులో మూడు పేజీల సరుకు ఇదే. నేను వాటిని సరిచూశాను, అన్నీ కలిశాయి. ఆ మూడు పేజీల్లో అబద్ధం లేదు.

వాహన్‌లో లేనివి ఏమిటో కూడా తెలియాలి. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అందులో ఉండదు. ఎక్కడ గుద్దుకుందో, ఎక్కడ మునిగిందో, ఎవరు బాగుచేశారో ఉండదు. అది లోపమని నేను అనను. అది రిజిస్ట్రేషన్ రికార్డు, దాని పని అంతవరకే. మన దేశంలో సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ మధ్యలో ఏటేటా కారును తీసుకువెళ్లి పరీక్ష చేయించి, మీటరు రాయించే పద్ధతి లేదు. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో మీటరు అంకె నమోదవుతుంది, నంబరు కొట్టి ఎవరైనా ఆ వరుసను చూసుకోవచ్చు. మన దగ్గర అలాంటి వరుస లేదు కాబట్టి, కిలోమీటర్లకు ఏ యాప్ హామీ ఇచ్చినా ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి.

ఏపీ 39 వల్ల వచ్చిన చిక్కు

పూర్వం నంబరు చూడగానే కారు ఊరు తెలిసేది. ఏపీ 05 అంటే తూర్పు గోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి, ఏపీ 16 అంటే కృష్ణా. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒకటే సిరీస్ వచ్చింది. ఆ తరువాత రిజిస్టరైన కారు నెల్లూరుదో, విజయవాడదో, అమలాపురందో నంబరు పలకను చూసి చెప్పలేము. ఈ కారుదీ ఏపీ 39 నంబరే. యార్డు వారు “లోకల్ బండి” అన్నారు, కొనేవారు నమ్మారు. ఆర్‌సీలో, ఎంపరివాహన్‌లో రిజిస్ట్రేషన్ కార్యాలయం పేరు వేరుగా ఉంటుంది. అక్కడ విజయవాడ అని ఉంది. ఆర్‌సీ మీది చిరునామా సింగ్‌నగర్ వైపు.

ఆ చిరునామా చూడగానే నేను జాగ్రత్తపడ్డాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉంది. ఇళ్ల ముందు, అపార్ట్‌మెంట్ల కింద ఉన్న కార్లు ఉన్నచోటే మునిగిపోయాయి.

ఇక్కడ డెల్టావాసులకు ఒక మాట చెప్పాలి. మునిగిన కారు అనగానే మా వాళ్లు లంక గ్రామాల వైపు చూస్తారు. 2022 జులై వరద గుర్తుంది కాబట్టి కోనసీమ కార్లను అనుమానిస్తారు. నా పరిశీలనలో గోదావరి వరద ముంచిన కార్లు తక్కువ. గోదావరి చెప్పి వస్తుంది. భద్రాచలంలో మట్టం పెరుగుతోందనగానే దిగువన అందరికీ తెలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. ఆ వ్యవధిలో లంకల్లో జనం పశువులతోపాటు బండ్లను కూడా ఏటిగట్టు మీదకు చేరుస్తారు. బుడమేరులాంటి వాగు అలాంటి వ్యవధి ఇవ్వదు. తెల్లవారేసరికి ఇంట్లో నీళ్లుంటాయి. కార్లను ముంచేవి ఇలాంటి నగర వరదలు. ఆ కార్లు అక్కడే ఉండవు. బేరగాళ్లు వాటిని పక్క జిల్లాలకు, తమ కథ తెలియని చోటికి తరలిస్తారు. జాతీయ రహదారి మీద రావులపాలెం, రాజమహేంద్రవరం విజయవాడకు ఎంతో దూరం కాదు.

బీమా కాగితంలో కనిపించిన ఖాళీ

యార్డు ఫైలులో మూడు పాలసీ కాపీలు ఉన్నాయి. మొదటిది 2021 జూన్‌లో కారుతో వచ్చినది. రెండవది 2023 జూన్‌ది, సొంత కారు నష్టానికి రక్షణ ఇచ్చే పాలసీ, తరుగుదల కోతలేని అదనపు కవరుతో. మూడవది ప్రస్తుతం అమల్లో ఉన్నది. అది థర్డ్ పార్టీ మాత్రమే, వేరే కంపెనీది, కారు అమ్మకానికి పెట్టడానికి కొద్దిగా ముందు మొదలైంది. ‘గత పాలసీ వివరాలు’ అన్న గడి ఖాళీ.

రిపోర్టులో ఈ మొత్తం కథకు ఒకే వరుస: ‘ఇన్సూరెన్స్ అమల్లో ఉంది’. నిజమే, ఉంది. కొనేవారు గడువు తేదీ చూసి పేజీ తిప్పేస్తారు. నేను చూసేది వేరు. అది ఏ రకం పాలసీ, అందులో నో క్లెయిమ్ బోనస్ ఎంత, మధ్యలో కంపెనీ ఎందుకు మారింది.

నో క్లెయిమ్ బోనస్ మెట్లు స్థిరమైనవి. ఒక ఏడాది క్లెయిము లేకపోతే సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, అయిదేళ్లకు 50. క్లెయిము చేస్తే మళ్లీ సున్నా. ఈ కారుకు 2023 జూన్ పాలసీలో 25 శాతం ఉంది. అంటే మొదటి రెండేళ్లూ క్లెయిము లేదు. అలాగే సాగి ఉంటే 2024 జూన్‌లో 35, 2025 జూన్‌లో 45 రావాలి. తరుగుదల కవరు కూడా కట్టి, బోనస్ కాపాడుకుంటూ వచ్చిన మనిషి, 45 శాతం తగ్గింపు వదులుకుని ఉన్నట్టుండి అతి తక్కువ రక్షణ ఉన్న పాలసీకి ఎందుకు దిగుతాడు?

బోనస్ కారుతో పాటు రాదు, యజమానితో ఉంటుంది. అందువల్ల కారు నిజంగా చేతులు మారితే సున్నా కనిపించడం సహజం. గడువు ముగిసి 90 రోజులు దాటినా బోనస్ పోతుంది. ఇక్కడ రికార్డు ప్రకారం యజమాని మారలేదు. 2024 జూన్ నుంచి 2025 జూన్ వరకు నడవవలసిన పాలసీ కాపీ ఫైలులో లేదు. బుడమేరు వరద వచ్చింది సరిగ్గా ఆ కాలంలోనే. ఆ కాపీ కావాలని యార్డుకు ఫోను చేయించాను. “ఓనరు అమెరికాలో ఉన్నారండీ, ఆ కాగితం ఎక్కడో పోయింది” అని జవాబు వచ్చింది.

కారు దగ్గర

కాగితాలు అనుమానం రేపాయి, కారు దాన్ని బలపరిచింది. ముందు సీట్ల బెల్టును చివరిదాకా లాగి చూశాను. చుట్టలో లోపలికి ఉండే భాగంలో పాలిపోయిన మట్టి గీత కనిపించింది. సీట్లకు కొత్త కవర్లు, నేలకు కొత్త కార్పెట్ వేశారు, కారంతా అత్తరు వాసన. సీటు బోల్టుల తలలపై పానా పెట్టి తిప్పిన గుర్తులు ఉన్నాయి. మామూలుగా వాడిన కారులో సీట్లు ఊడదీయవలసిన అవసరం రాదు. డ్రైవరు వైపు కార్పెట్ అంచు ఎత్తితే వైరింగ్ కనెక్టర్ల పిన్నులు పచ్చబారి ఉన్నాయి. రాగి మీద నీరు నిలిస్తే వచ్చే రంగు అది. స్పేర్ టైరు గుంతలో మూలన గట్టిపడిన సన్నని బురద.

మా ప్రాంతంలో తుప్పు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి, భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన కార్లకు తుప్పు తొందరగా పడుతుంది. అలాంటి కార్లను వరద కార్లని కొట్టిపారేయడం అన్యాయం. తేడా తుప్పు పట్టిన చోటులో ఉంటుంది. ఉప్పుగాలి తుప్పు కింద నుంచి మొదలవుతుంది. సైలెన్సరు, సస్పెన్షన్, తలుపుల అడుగు అంచులు ముందు పోతాయి, లోపల పొడిగా ఉంటుంది. మునిగిన కారులో తుప్పు మనుషులు కూర్చునే చోట ఉంటుంది. సీటు ఫ్రేము స్ప్రింగులు, డ్యాష్‌బోర్డు వెనుక బ్రాకెట్లు, బ్రేకు పెడలు పైభాగాన ఉండే కీలు. ఈ కారు అడుగు భాగం బాగానే ఉంది. సీటు స్ప్రింగులు ఎర్రబడ్డాయి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఎయిర్‌బ్యాగ్ దీపం. తాళం తిప్పగానే ఆ దీపం వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఇక్కడ అసలు వెలగలేదు. స్కానర్ తగిలిస్తే ఇంజన్ యూనిట్ పలికింది, ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ పలకలేదు. చాలా కార్లలో ఆ యూనిట్ గేరు లివరు దగ్గర, నేలకు ఆనుకుని ఉంటుంది. నీరు లోపలికి వస్తే ముందుగా మునిగేవాటిలో అదొకటి. అది చెడిపోతే దీపం ఆరకుండా వెలుగుతూనే ఉండి కొనేవాడిని హెచ్చరిస్తుంది. ఎవరో ఆ హెచ్చరికను తీసేశారు. అనారోగ్యంతో ఉన్న తల్లిని కూర్చోబెట్టి హైవే మీద తీసుకువెళ్లడానికి కొంటున్న కారు ఇది. ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు, తెరుచుకోదని ముందుగా ఎవరికీ తెలియదు. ఈ విషయం చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ తోలు 31 వేల కిలోమీటర్ల కంటే ఎక్కువ అరిగినట్టు కనిపించాయి. కానీ అరుగుదల మీద ఆధారపడి నేను రిపోర్టు రాయను. దానికి సర్వీసు రికార్డు కావాలి. కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రంలో ప్రతి సర్వీసుకూ తేదీ, కిలోమీటర్లు, చేసిన పని నమోదవుతాయి. అయితే చాలాచోట్ల యజమాని ఫోనుకు వచ్చే ఓటీపీ చెబితేనే వివరాలు ఇస్తారు. అమెరికాలో ఉన్నాడన్న యజమాని ఫోను నంబరు యార్డు వారు ఇవ్వలేదు.

విజయవాడలో తెలిసింది

ఆవిడ పిన్ని కొడుకు ఒకరు విజయవాడలో ఉద్యోగం చేస్తున్నారు. ఆర్‌సీ మీది చిరునామాకు వెళ్లి రమ్మని ఆయనను కోరాము. యజమాని అమెరికాలో లేరు. ఆ ఇంట్లోనే ఉన్నారు. రిటైరైన పెద్దమనిషి. తన కారు రాజమహేంద్రవరంలో అమ్మకానికి ఉందని వినగానే ఆయన నిర్ఘాంతపోయారట. వరదలో కారు సీట్ల పైదాకా మునిగిందని, బీమా కంపెనీ టోటల్ లాస్ కింద సొమ్ము ఇచ్చేసిందని, సాల్వేజ్, అంటే ఆ పాడైన బండిని, కొన్నవారు లారీ మీద ఎక్కించి తీసుకుపోయారని చెప్పారు. అప్పుడు తనతో కొన్ని ఫారాల మీద సంతకాలు పెట్టించుకున్నారని, వాటిలో పేర్లు రాయలేదని కూడా చెప్పారు.

టోటల్ లాస్ అంటే కారు తునాతునకలు కావాలని లేదు. మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన విలువలో 75 శాతం దాటితే బాగుచేయించడం దండగని లెక్కగట్టి, విలువ చెల్లించేస్తారు. నీళ్లలో మునిగిన కారులో వైరింగ్, కంట్రోల్ యూనిట్లు, ఎయిర్‌బ్యాగులు, సీట్లు అన్నీ కొత్తవి వేస్తే ఖర్చు సులభంగా అక్కడికి చేరుతుంది. ఆ తరువాత మిగిలిన బండిని వేలంలో కొన్నవాడు కొత్త భాగాలు వేయడు. ఎండబెట్టి, కడిగి, పాత సామాన్లు తగిలించి నడిచేలా చేస్తాడు. ఆ పనిలో లాభం ఉంది కాబట్టే ఆ వ్యాపారం ఉంది.

యజమాని సంకోచించకుండా ఓటీపీ చెప్పారు. సర్వీసు రికార్డు వచ్చింది. 2024 ఆగస్టులో చివరి సర్వీసు, అప్పటికి 43 వేల కిలోమీటర్లు దాటింది. సెప్టెంబరులో ‘వరద నష్టం, క్రేన్‌పై తీసుకువచ్చారు, అంచనా ఇచ్చాము’ అన్న నమోదు ఉంది. దాని తరువాత ఏమీ లేదు. మీటరు 31 వేలు చూపడానికి కూడా కారణం అర్థమైంది. డ్యాష్‌బోర్డులోని మీటరు మునిగిపోతే, వేరే కారులోది తెచ్చి పెడతారు. అప్పుడు అది తన పాత కారు కిలోమీటర్లనే చూపిస్తుంది.

‘ఒకే యజమాని’ అన్న మాట కూడా ఇప్పుడు వేరుగా అర్థమవుతుంది. సాల్వేజ్ కొన్నవాడు, వాడి దగ్గర కొన్న యార్డు, ఇద్దరూ తమ పేరు మీదకు మార్చుకోలేదు. యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, ఫారం 30 ఖాళీవి చేతిలో పెట్టుకుని తిప్పారు. కారు మూడవ చేతికి వచ్చినా వాహన్‌లో మొదటి యజమానే ఉన్నాడు. రిపోర్టు ఉన్నదే చూపింది.

ఆ పెద్దమనిషికి నేను ఫోనులో చెప్పిన విషయం ఒకటుంది, పాత కారు అమ్మే ప్రతివారికీ అది అవసరం. కారు ఎవరి చేతిలో ఉన్నా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వారే చట్టం దృష్టిలో యజమాని. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. కారు పదేపదే చేతులు మారినా, రికార్డులో పేరున్న వ్యక్తే ప్రమాద పరిహారానికి బాధ్యుడని తీర్పు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం లోపల అమ్మితే 14 రోజుల్లో అమ్మినవారు రవాణా శాఖకు తెలియజేయాలి. టోటల్ లాస్ పత్రం, సాల్వేజ్ అప్పగించిన రసీదు జతచేసి రవాణా కార్యాలయానికి, బీమా కంపెనీకి లేఖలు రాయమన్నాను. ఆయన రాశారు.

యార్డుకు ఉండవలసిన బాధ్యత కూడా ఉంది. కేంద్రం 2022 డిసెంబరులో పాత వాహనాల డీలర్ల కోసం నిబంధనలు తెచ్చింది, అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అధీకృత డీలరుకు రవాణా శాఖ ధ్రువపత్రం ఉంటుంది. బండి డీలరుకు అప్పగించిన సంగతి పోర్టల్‌లో నమోదైతే, అప్పటినుంచి డీలరునే యజమానిగా పరిగణిస్తారు. ఈ యార్డులో ఆ ధ్రువపత్రం అడిగితే చూపలేదు. కారు చూడకముందే అడగదగిన మొదటి కాగితం అదని ఈ దంపతులకు చెప్పాను.

ఏ ప్రశ్నకు ఏ రిపోర్టు

వాహన హిస్టరీ రిపోర్టు అన్న మాటే అమెరికా నుంచి మనకు వచ్చింది. అక్కడ కారు టోటల్ లాస్ అయినా, వరదలో మునిగినా యాజమాన్య పత్రం మీదే ఆ ముద్ర పడే ఏర్పాటు ఉంది. బీమా కంపెనీలు, పాత కార్లు తుక్కు చేసే యార్డులు తమ దగ్గరకు వచ్చిన కార్ల వివరాలను ఎన్‌ఎంవీటీఐఎస్ అనే జాతీయ వ్యవస్థకు పంపాలని చట్టం చెబుతోంది. కొనేవాడు ఛాసిస్ నంబరు కొట్టి చూసుకోవచ్చు. మన ఆర్‌సీ మీద అలాంటి ముద్ర లేదు. పేరు ఒకటే అయినా అక్కడి రిపోర్టు వెనుక ఉన్న గొలుసు మన రిపోర్టు వెనుక లేదు. ఈ తేడా చెప్పకుండా అదే పేరుతో అమ్మడం నాకు నచ్చదు. బీమా కంపెనీలు టోటల్ లాస్ అయిన ప్రతి నంబరునూ వాహన్‌లో కనిపించేలా చేస్తే, ఈ వ్యాపారంలో సగం ఒక్కరోజులో ఆగిపోతుందని నా నమ్మకం. అది వచ్చేవరకు కొనేవారే ముక్కలు కలుపుకోవాలి.

అందుకే ఏ రిపోర్టు కొనాలని ఎవరు అడిగినా, ముందు మీకు ఏ ప్రశ్నకు జవాబు కావాలో చెప్పండి అంటాను. పేర్లు, ఫైనాన్స్, గడువులు మాత్రమే కావాలంటే ఎంపరివాహన్ చాలు, డబ్బు పెట్టనక్కరలేదు. పాత ఫైనాన్స్ ఉంటే రిపోర్టు చూసి ఊరుకోకుండా అప్పు తీరిందని తెలిపే బ్యాంకు ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఫారం 35 చేతిలో పట్టుకోవాలి. దొంగ బండి అన్న భయం ఉంటే జాతీయ నేర రికార్డుల బ్యూరో పోర్టల్‌లో వాహన ఎన్‌ఓసీ తీసుకోవచ్చు. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును కారు మీద చెక్కిన నంబరుతో అక్షరం అక్షరం పోల్చాలి. చలానాలు ఈ-చలాన్ పోర్టల్‌లో దొరుకుతాయి. ఇవన్నీ గంటలో ముగిసే పనులు.

కిలోమీటర్లు, మరమ్మతులు తెలియాలంటే అధీకృత సర్వీసు రికార్డు తప్ప మరో ఆధారం లేదు. క్లెయిములు తెలియాలంటే యజమాని తన బీమా కంపెనీకి మెయిలు పెట్టి క్లెయిము చరిత్ర తెప్పించుకోవాలి. ఇది కొనేవాడు నేరుగా పొందగలిగేది కాదు. నిజాయితీగా అమ్మే మనిషికి ఒక మెయిలు రాయడం పెద్ద పని కాదు. డబ్బు తీసుకుని రిపోర్టు ఇచ్చే యాప్ అయితే, క్లెయిముల సమాచారం ఎక్కడి నుంచి తెస్తుందో, ఏ తేదీ వరకు ఉందో, ఖాళీ గడికి ఏమని రాస్తుందో చూడాలి. ‘రికార్డులు లేవు’, ‘మాకు అందుబాటులో లేవు’ అన్న రెండింటినీ వేరువేరుగా రాసే యాప్ ఉంటే దానికి నేను కొంత విలువ ఇస్తాను.

చివరికి కొన్న కారు

టోకెన్ అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి యార్డు వారు మొదట ఒప్పుకోలేదు. సర్వీసు రికార్డు కాపీ చూపి, వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తామని చెప్పాక ఇచ్చారు.

తరువాత తణుకులో ఒక రిటైర్డ్ ఉద్యోగి కారు చూశారు. 2019 మోడలు, రెండవ యజమాని, 62 వేల కిలోమీటర్లు. పైగా రిపోర్టు తీయిస్తే ఒక క్లెయిము బయటపడింది. ముందు బంపరు, ఒక హెడ్‌లైటు మార్చారు. బంధువులు వద్దన్నారు. రెండు చేతులు మారింది, దెబ్బతిన్నది, ఎక్కువ తిరిగింది అన్నారు. నేను కొనమన్నాను. ఆ క్లెయిము తేదీ, సర్వీసు కేంద్రంలో బంపరు మార్చిన తేదీ, ఆ తరువాత పాలసీలో బోనస్ సున్నాకు పడిన తేదీ ఒకదానితో ఒకటి సరిపోయాయి. సర్వీసుల్లో మీటరు అంకెలు ఎక్కడా వెనక్కి పోకుండా 62 వేల దాకా వచ్చాయి. మొదటి యజమాని నుంచి రెండవ యజమానికి బదిలీ సక్రమంగా జరిగింది. ముందు భాగంలో ఛాసిస్ కొమ్ములు నిటారుగా ఉన్నాయి, వెల్డింగ్ గుర్తులు లేవు. సీటు బెల్టులు శుభ్రం. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరింది, స్కానర్‌కు యూనిట్ పలికింది. టైర్లు మాత్రం మార్చాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడిగితే ఆయన తగ్గించారు.

4.85 లక్షలకు బేరం కుదిరింది. డబ్బు బ్యాంకు ద్వారా ఇచ్చారు. ఫారం 29, ఫారం 30 రెండూ పేర్లు, తేదీలు నింపాకే ఆయన సంతకం చేశారు. ఆర్‌సీ బదిలీకి దరఖాస్తు చేసి, ఆ రసీదుతో 14 రోజుల గడువు లోపలే బీమా పాలసీ కూడా కొత్త యజమాని పేరుకు మార్పించాము. థర్డ్ పార్టీ రక్షణ కారుతో పాటు దానంతట అదే వస్తుంది, సొంత నష్టం రక్షణ మాత్రం పేరు మారితేనే వర్తిస్తుంది. ఈ సంగతి చాలామందికి మొదటి ప్రమాదం జరిగాక తెలుస్తుంది. పాత యజమాని బోనస్ ఆయనకే ఉండిపోయింది, వీరి పాలసీ సున్నా నుంచి మొదలైంది. వరద నీరు ఇంజన్‌లోకి వెళితే మామూలు పాలసీ ఆ నష్టం ఇవ్వకపోవచ్చు కాబట్టి ఇంజన్ రక్షణ అదనపు కవరు తీసుకోమన్నాను. ఆవిడ వెంటనే తీసుకున్నారు.